అంటుతో వచ్చే గ్రీనింగ్

గ్రీనింగ్ తెగులు సోకిన బత్తాయి చెట్టులో మొదట ఒకటి రెండు కొమ్మలే పసుపు తిరుగుతాయి. మిగతా చెట్టు పచ్చగానే కనిపిస్తుంది. నిమ్మజాతి తోటలకు ఇంతకు మించిన శత్రువు లేదు. అంతర్జాతీయంగా హువాంగ్‌లాంగ్‌బింగ్ అనే చైనా పేరుతో చలామణీ అయ్యే ఈ తెగులుకు కారణం లిబెరిబాక్టర్ అనే బాక్టీరియా. అది చెట్టు పోషక కణజాలంలో చేరి దారులు మూసేస్తుంది. ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగదు. ఆకుల్లో పిండిపదార్థం పేరుకుపోతుంది, వేళ్లు పస్తుండి చస్తాయి.

దీన్ని మోసేది సిల్లా పురుగు. మూడు, నాలుగు మిల్లీమీటర్ల పొడవుంటుంది. తల దించి, వెనకభాగం పైకెత్తి ఆకుమీద ఏటవాలుగా కూర్చుంటుంది. గుడ్లు పెట్టేది లేత చిగుళ్లమీదే కాబట్టి, చిగురు వేసే కాలమే కాపలా కాలం. కరివేపాకు మీదా ఇది హాయిగా పెరుగుతుంది. తోట గట్టున కరివేప ఉంటే దాని చిగుళ్లనూ చూడాలి.

రైతు ఎక్కువగా పొరబడేది గుర్తుపట్టడంలో. జింకు లోపిస్తే మధ్య ఈనెకు రెండు వైపులా ఒకే తీరున పసుపు పడుతుంది. గ్రీనింగ్‌లో ఒకవైపు మచ్చ రెండోవైపు మచ్చతో సరిపోలదు. కాయ వంకర తిరుగుతుంది, అడుగున పచ్చగానే ఉండిపోతుంది, గింజ తాలుపోతుంది, రసం చేదెక్కుతుంది. జింకు పిచికారీ చేస్తూ ఏడాది గడిపితే ఆలోగా పురుగు పక్క చెట్లకు వెళుతుంది.

ఈ తెగులు అంటు ద్వారా కూడా సోకుతుందని లిన్ కుంగ్‌సియాంగ్ 1956లో చైనాలో నిరూపించారు. తెగులు సోకిన చెట్టు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఏ లక్షణమూ చూపదు. అలాంటి తల్లిచెట్టు నుంచి కన్ను తీసి జంబేరి వేరుమొక్క మీద కడితే, ఎంత నేర్పుగా కట్టినా ఆ అంటు జబ్బుతోనే మొలకెత్తుతుంది. పురుగు పక్క తోట దాకా మోసేదాన్ని నర్సరీ లారీ జిల్లాలు దాటిస్తుంది. అందుకే మందు డబ్బా కన్నా నర్సరీయే ముఖ్యం.

ఫ్లోరిడాలో 2005లో ఈ తెగులు బయటపడింది. అంతకుముందు 2003-04లో 24 కోట్ల పెట్టెలుగా ఉన్న నారింజ దిగుబడి 2023-24 నాటికి రెండు కోట్ల పెట్టెలకన్నా తగ్గింది. తుపానులూ దెబ్బతీశాయి గాని, పెద్ద దెబ్బ గ్రీనింగ్‌దే.

సోకిన చెట్టును పూర్తిగా నయంచేసే మందు ఇంతవరకు లేదు. మొక్కలు కొనే రైతులు ధర అడిగే ముందు తల్లిచెట్టుకు పరీక్ష జరిగిందా, అంట్లు పురుగు చొరని వలగదిలో పెంచారా అని అడగండి. జవాబు రాని చోట కొనవద్దు.