పథ్యముతో ఆటిజము కుదురునా?

ఆటిజము శిశువు మెదడు పెరిగే తీరులోని భేదము. దీనివలన మాట, ఇతరులతో మెలగుట, అలవాట్లు వేరుగా నుండును. ఇట్టి పిల్లలకు గోధుమ, పాలు మాన్పించినచో మాట వచ్చునని, విటమిను మాత్రలు వేసినచో నడవడి చక్కబడునని ఒక ప్రచారము చాల కాలముగ సాగుచున్నది. బిడ్డ నోటి మాటకై ఎదురుచూచు తల్లిదండ్రులకు ఇది కొండంత అండగ తోచుట సహజము. వారి ఆశను పరిహసించుట మన పని కాదు. వాదమునకు గల ఆధారమెంతయో తూచి చూచుట మన పని.

వాదము ఇట్లున్నది. గోధుమలో గ్లూటెన్, పాలలో కేసీన్ అను ప్రోటీనులు కలవు. ఇవి సగము జీర్ణమైనపుడు నల్లమందును పోలిన పెప్టైడులు పుట్టును. అవి పేగుగోడను దాటి, రక్తములో చేరి, మెదడుపై పనిచేయునట. ఇందు మొదటి మెట్టు నిజమే. కేసీన్‌నుండి ఇట్టి పెప్టైడులు పుట్టుట ప్రయోగశాలలో చూచినదే. చిక్కు తరువాతి మెట్లలో నున్నది. అవి రక్తములో అంతగా చేరుచున్నచో కొంతయైన మూత్రములో కనబడవలెను గదా! 2008లో బ్రిటను పరిశోధకులు ఆటిజము గల 65 మంది బాలుర మూత్రమును 158 మంది ఇతర బాలుర మూత్రముతో పోల్చిరి. అట్టి పెప్టైడుల జాడ దొరకలేదు.

పథ్యపు ఫలితము మాటేమి? 2002లో నార్వేలో 20 మంది పిల్లలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఏడాదిపాటు పథ్యము పెట్టిరి. ఆ జట్టు బాగుపడినదని ప్రకటించిరి. కాని ఎవరు పథ్యములో నున్నారో తల్లిదండ్రులకు తెలియును, అదే లోపము. ఈ లోపము లేని పరీక్ష యొకటి అమెరికాలోని రోచెస్టరులో జరిగి, 2016లో వెలువడినది. 14 మంది పిల్లలను పథ్యములోనే ఉంచి, గ్లూటెన్ కలిపినవి, కేసీన్ కలిపినవి, రెండును కలిపినవి, ఏదియు కలపనివి యగు చిరుతిండ్లను మార్చి మార్చి పెట్టిరి. ఏది ఏదో తల్లిదండ్రులకు గాని పరిశీలకులకు గాని తెలియనీయలేదు. నడవడిలో గాని, నిద్రలో గాని భేదము కానరాలేదు. పిల్లల సంఖ్య తక్కువ. కావున ఏ ఒక్కరికిని పనికిరాదని ఘంటాపథముగ చెప్పలేము. నయము చేయునను మాటకు ఆధారము చాలదనుట మాత్రము న్యాయము.

మరి, మా బిడ్డ మారినాడను తల్లి మాట అబద్ధమా? కాదు. 1999లో సెక్రెటిన్ అను జీర్ణ హార్మోనుతో పరీక్ష జరిగినపుడు, మందు పొందిన పిల్లలును, వట్టి ఉప్పునీటి సూది పొందిన పిల్లలును ఒకే విధముగ మెరుగైరి. పిల్లలు ఎదుగుచునే యుందురు. ఆశతో చూచు కన్ను ఆ ఎదుగుదలను కొత్త చికిత్స ఖాతాలో వ్రాయును. పోలికకు వేరొక జట్టు ఎందుకు కావలెనో తరగతిలో చెప్పుటకు ఇది మంచి ఉదాహరణము.

ఫలించకున్నను నష్టమేమి అందురు కొందరు. నష్టము కలదు. అన్నము, ఇడ్లీ తిను మన యిండ్లలో గోధుమ మానుట సులువు. పాలు, పెరుగు మానుట సులువు కాదు. గ్రుడ్డు కూడ తినని కుటుంబములలో బిడ్డకు బి12 విటమిను దొరకునది ముఖ్యముగ పాలవలననే. రాగిజావ కాల్షియము నిచ్చును. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములున్నది. కాని బి12 ఈయదు. పైగా ఆటిజము గల పిల్లలలో పలువురు నాలుగైదు వంటకములే ముట్టుదురు. వానిలో రెండు తీసివేసినచో మిగులునదేమి? ఇట్టి పిల్లలలో కొందరికి స్కర్వీ వచ్చినట్లు వైద్యపత్రికలలో నమోదైనది.

మాత్రల సంగతియు అంతే. రక్తపరీక్షలో ఇనుము, డి విటమిను తక్కువైనట్లు తేలినచో ఇచ్చి తీరవలెను. అది లోపమునకు చికిత్స, ఆటిజమునకు కాదు. లోపము లేకుండ ఎక్కువ మోతాదులో వాడినచో ఎ, డి విటమినులు ఒంట నిలువయై విషమగును. బి6 నరములకు చేటు చేయును.

తల్లిదండ్రులు సలహా అడిగినపుడు ఉపాధ్యాయులు రెండు మాటలు చెప్పవచ్చును. బిడ్డకు తరచు విరేచనములు, కడుపునొప్పి యున్నచో గోధుమ మాన్పించుటకు ముందే సీలియాక్ వ్యాధికి రక్తపరీక్ష చేయించవలెను. మాన్పించిన పిదప ఆ పరీక్ష నిజము చెప్పదు. ఏ ఆహారమును తీసివేసినను దాని స్థానమున ఏది పెట్టవలెనో వైద్యుని అడిగిన తరువాతనే తీసివేయవలెను.