ఎర్త్ పట్టుకునే చెయ్యి

చీకటిపడ్డాక ఖిల్లా ఘణపూర్ నుంచి పల్లికాయ లోడుతో వనపర్తి దారి పట్టిన ట్రాక్టర్‌కు వెనక ట్రాలీ లైటు వెలగకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఆ లైటు వెలిగించే ఆటో ఎలక్ట్రీషియన్ పనితనం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

 మన ట్రాలీలకు ఉండేవి వెనక లైటు, బ్రేకు లైటు, ఇండికేటర్లే. తిప్పలు మాత్రం తప్పవు. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మిణుకుమంటుంది. డ్రైవర్ బల్బులు మార్చి మార్చి విసిగిపోతాడు. మంచి మెకానిక్ బల్బు జోలికే పోడు. "అన్నా, బల్బు మంచిగనే ఉంది, ఎర్త్ దొరుకుతలేదు" అంటాడు. విడిగా ఎర్త్ వైరు లేకపోతే కరెంటు తిరిగి పోవాల్సింది హుక్కు పిన్ను మీదుగానే. అక్కడంతా తుప్పు, గ్రీసు, మట్టి.

ఇంకో చిక్కు. మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, బల్బు వెలగదు. వైరులో పోగులన్నీ తెగి, తుప్పు పట్టినది ఒక్కటి మిగిలి ఉంటుంది. మీటరుకు అది చాలు, 21 వాట్ల బల్బుకు చాలదు. అందుకే మంచి మెకానిక్ బల్బు బిగించిన టెస్ట్ ల్యాంపు పెడతాడు. అది కరెంటు గుంజగానే తప్పు బయటపడుతుంది. తర్వాత బ్యాటరీ నెగెటివ్ నుంచి ట్రాలీ చాసిస్ దాకా వైరు లాగి, బోల్టు కింద పెయింటును ఇనుము మెరిసేదాకా గీకి బిగిస్తాడు. ఆ గీకడంలోనే పనివాడు తెలుస్తాడు.

రైతన్నలూ, లోడు ఎత్తే ముందు ఒకరిని బ్రేకు తొక్కమని, వెనక నిలబడి చూడండి. లైటు రాకపోతే ఆటో ఎలక్ట్రీషియన్ దుకాణం దగ్గర ఆగండి. బేరమాడకుండా డబ్బులివ్వండి.