తునికాకు లెక్కల్లో మూడు మాటలు

అడవి ఆర్థికశాస్త్రం మీద మన చేతికొచ్చే రాతలు చాలావరకు మూడు మాటల మీద నిలబడి ఉంటాయి. 'చిన్నతరహా' అటవీ ఫలసాయం, 'కూలి', 'బోనస్'. అటవీశాఖ నివేదికల్లో ఇవే, యూనివర్సిటీ పరిశోధనల్లో ఇవే, ఆఖరికి మన సంఘాల కరపత్రాల్లోనూ ఇవే. ఈ మాటల్ని ఎవరు పెట్టారు, ఎవరి లెక్క కోసం పెట్టారు అని అడక్కుండానే మనమూ వాడేస్తున్నాం. తునికాకు వ్యాపారాన్ని ముందు పెట్టుకుని ఈ మూడు మాటల్నీ విప్పి చూడాలనేది మా ప్రయత్నం.

మొదటిది 'చిన్నతరహా'. 1864లో బ్రిటిష్ పాలకులు అటవీశాఖను పెట్టింది ప్రధానంగా కలప కోసం, అందులోనూ రైలు పట్టాల కింద వేసే స్లీపర్ల కోసం. కలప 'పెద్దది' అయింది కాబట్టి మిగిలిందంతా 'చిన్నది' అయింది. అడవిలో బతికేవాళ్ల లెక్క దీనికి పూర్తిగా తలకిందులు. వాళ్ల ఏడాదిని నడిపించేది టేకు దుంగ కాదు. ఇప్పపువ్వు, చింతపండు, తేనె, జిగురు, అడ్డాకు, తునికాకు. చిన్నది అన్నారు కదా అని వదిలిపెట్టారా అంటే అదీ లేదు. 1927 అటవీ చట్టం ఇప్పపువ్వును ఎక్కడ దొరికినా, అడవిలోంచి తెచ్చినా తేకపోయినా, అటవీ ఉత్పత్తిగానే నిర్వచించింది. అంటే సొంత చేను గట్టు మీది చెట్టు కింద రాలిన పువ్వు మీదికి కూడా సర్కారు చెయ్యి చాపింది. పేరుకు చిన్నది, పెత్తనానికి మాత్రం పెద్దదే.

రెండోది 'కూలి'. ఫిబ్రవరి, మార్చిలో తునికి పొదల కొమ్మలు కొడతారు. ఎండలు ముదిరే ఏప్రిల్, మే నెలల్లో లేత ఆకు వస్తుంది. తెల్లారకముందే లేచి అడవికి పోయి ఆకు తెంపేది ఎక్కువగా ఆడవాళ్లే. ఇంటికి తెచ్చి, పిల్లా ముసలీ అందరూ కూర్చుని యాభై ఆకులకొక కట్ట కడతారు. సాయంత్రానికి కల్లం కాడికి మోస్తారు. అక్కడ కల్లేదారు లెక్కపెట్టుకుంటాడు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బస్తా, అంటే 50 వేల ఆకులు. ఆంధ్రప్రదేశ్‌లో 1971లో వచ్చిన చట్టం ఈ ఆకు వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధికారం కిందికి తెచ్చింది. అడవిని యూనిట్లుగా కోసి కాంట్రాక్టర్లకు వేలం వేశారు. కాంట్రాక్టరు ఆకుకు కట్టే సొమ్ము ప్రభుత్వానికి పోయింది. తెంపిన మనిషికి కట్టకు ఇంత అని కూలి పడింది.

1980ల్లో ఉత్తర తెలంగాణ అడవి పల్లెల్లో కట్ట రేటు మీద నడిచిన పోరాటాలు తక్కువవేం కాదు. పైసల్లో ఉన్న రేటును పెంచింది అవే. కల్లం కాడి దొంగలెక్కల్ని నిలదీసింది అవే. వాటిని చులకన చేయడం మా ఉద్దేశం కాదు. అయితే రేటు పోరాటం ఎంత గట్టిగా సాగినా ఒక మాట ఒప్పుకునే సాగింది: ఆకు సర్కారుది, చాకిరీ మనది. అప్పటి చట్టమూ అంతకు మించి చోటివ్వలేదు. తర్వాత చట్టం మారింది. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో ఈ ఫలసాయం మీద యాజమాన్యాన్ని గ్రామసభలకు దఖలు పరచమంది. 2006 అటవీ హక్కుల చట్టం తునికాకును పేరుపెట్టి చెప్పి, సేకరించుకునే, వాడుకునే, అమ్ముకునే హక్కును, యాజమాన్యాన్ని అడవి మీద బతికేవాళ్లకు రాసిచ్చింది. మరి సొంత సరుకు అమ్మినవాళ్లకు వచ్చేదాన్ని కూలి అంటారా, ధర అంటారా? పత్తి రైతుకు మార్కెట్ యార్డులో ఇచ్చేదాన్ని ఎవరైనా కూలి అంటారా? చట్టం ధర అన్నాక కూడా మన రాతలు కూలి అంటున్నాయంటే, యాజమాన్యం సంగతి మన బుర్రల్లోకే ఇంకా ఎక్కలేదన్నమాట.

మూడోది 'బోనస్'. వేలం రాబడిలో ఖర్చులు పోను మిగిలింది ఆకు తెంపినవాళ్లకే ఇవ్వాలన్న విధానం వచ్చింది. మంచిదే. కానీ దాన్ని బోనస్ అన్నారు. బోనస్ అనేది యజమాని దయతలచి పనివాడికి ఇచ్చేది. అందుకే అది ఏళ్లకేళ్లు ఆగినా ఎవరికీ నేరంగా కనపడదు, ఎప్పుడో ఇచ్చినప్పుడు మాత్రం సభపెట్టి పంచుతారు. సొంతదారుకు రావాల్సిన బాకీ అని పిలిస్తే వడ్డీతో సహా అడగొచ్చు.

ఇంతవరకు చెప్పింది ఆదివాసీ పక్షాన రాసేవాళ్లూ కొంత ఒప్పుకుంటారు. వాళ్లు దాటేసే సంగతి ఇంకొకటుంది. అదే కల్లం కాడ ఆదివాసీ స్త్రీ పక్కన మాల, మాదిగ స్త్రీ కూడా కట్టలు పట్టుకుని నిలబడుతుంది. ఎండ ఒకటే, కల్లేదారు ఒకడే. హక్కు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకటి కారు. షెడ్యూల్డు తెగలు కానివాళ్లు 'ఇతర సంప్రదాయ అటవీ నివాసులు'గా గుర్తింపు పొందాలంటే 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, అడవిలో ఉంటూ దాని మీద బతికినట్టు రుజువు చూపాలి. పట్వారీ దస్త్రంలో ఏనాడూ పేరెక్కనివ్వని కులాల్ని కాగితం చూపమనడం ఎలాంటి న్యాయం? నిబంధనల ప్రకారం ఊరి పెద్దల వాంగ్మూలం కూడా సాక్ష్యమే. ఆఫీసుల్లో మాత్రం కాగితమే అడుగుతారు. దాంతో చట్టం ఆదివాసీకి కనీసం కాగితం మీదైనా ధర అన్న చోట, దళిత స్త్రీ కూలిగానే మిగిలిపోతోంది. ఆదివాసీ హక్కును తగ్గించి దళితులకు పంచమని మేము అనడం లేదు. ఒకే చెమటకు రెండు పేర్లు పెట్టి ఇద్దరినీ విడదీసే లెక్కనే ప్రశ్నిస్తున్నాం.

ఆకు కల్లం దాటాక కూడా ఈ లెక్క ఆగదు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ఇళ్లల్లో బీడీలు చుట్టే బీసీ, ముస్లిం, దళిత స్త్రీలకు అది మళ్లీ ఎదురవుతుంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. చినిగిన ఆకు వస్తే లోటు వాళ్లదే. బాగలేవని ఏరి పారేసిన బీడీలకు పైసా రాదు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు తునికాకు మీద 18 శాతం, బీడీ మీద 28 శాతం వేశారు. 2025 సెప్టెంబరులో వాటిని 5కి, 18కి తగ్గించారు. తగ్గిన పన్ను ఆకు తెంపిన చేతికి వచ్చిందా, బీడీ చుట్టిన చేతికి వచ్చిందా అన్నది మన పరిశోధకులు పట్టుకోవాల్సిన ప్రశ్న.

వేరే దారి లేదనే వాదన చెల్లదు. ప్రాణహిత అవతలి ఒడ్డున గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా గ్రామసభ 2011లో తన వెదురును తన పర్మిట్ మీద అమ్ముకుంది. ఆ తర్వాత ఆ జిల్లాలో ఎన్నో గ్రామసభలు తునికాకును తామే వేలం పెట్టుకున్నాయి. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం రవాణా పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ వేసుకున్న కమిటీదే. అయితే గ్రామసభ అన్నంత మాత్రాన అన్నీ సర్దుకోవు. పెట్టుబడి కావాలి, గోదాము కావాలి, కాంట్రాక్టరు బాకీ ఎగ్గొడితే వసూలు చేసే బలం కావాలి. అన్నిటికన్నా ముందు, ఆ సభ జాబితాలో వాడ చివరి ఇంటి పేరు కూడా ఉండాలి.

కాబట్టి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, కార్యకర్తలకు మేము చెప్పేది చిన్న పనే. వచ్చే సీజన్లో ఏ కల్లం కాడికి పోయినా కట్ట రేటు ఒక్కటే రాసుకుని రావొద్దు. ఆ యూనిట్ ఎంతకు పోయింది, అందులో తెంపినవాళ్లకు ఎంత బాకీ, హక్కు పత్రం ఎవరికుంది, ఎవరికి లేదు, ఎందుకు లేదు అన్నవి కూడా రాయండి. ఆ లెక్క ఊరి ముందు చదవండి.