సీత అంటే సాలు

వనస్థలిపురం రైతుబజారులో సీతాఫలాలు అమ్మే ఆమె నా పేరు అడిగింది. "సీత" అన్నాను. "అయ్యో బిడ్డా, ఆ కష్టాల పేరెందుకు పెట్టిన్రు?" అంది. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. ఆడపిల్లకు ఓర్పు నేర్పాలనుకునే ఇళ్ళలో ఆ పేరుకు ఇంకో అర్థం ఉండదు.

కానీ సంస్కృతంలో సీత అంటే నాగటి చాలు. ఋగ్వేదం నాలుగో మండలంలో సీతను పంట ఇమ్మని ప్రార్థించారు. అర్థశాస్త్రంలో రాజు పొలాల సాగు చూసే అధికారి సీతాధ్యక్షుడు. జనకుడికి నేల దున్నుతుంటే దొరికిన బిడ్డ కాబట్టి ఆమె సీత. జానకి అంటే జనకుడి కూతురు. వైదేహి, మైథిలి అన్నవి ఊరూ దేశాల పేర్లు. ఈ పేర్లలో తండ్రిదీ దేశానిదీ కానిది ఇదే.

ఆ పేరును మనం ఎక్కడెక్కడికో తీసుకుపోయాం. సీతాకోకచిలుక రెక్కల్లో సీతమ్మ కోకను చూశాం. ఒక పువ్వును సీతమ్మవారి జడ అన్నాం. అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చిన పండు కూడా సీతాఫలమైంది.

మూలార్థం దొరికిందని మురిసిపోదామంటే మనుస్మృతి అడ్డొస్తుంది. అందులో స్త్రీ క్షేత్రం, పురుషుడు బీజం. 'భూదేవంత ఓర్పు' అని మనల్ని మెచ్చుకునేవాళ్ళూ ఆ పోలికకు దూరంగా లేరు.

2015లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఓల్గా 'విముక్త' కథలు నాకు అందుకే ముఖ్యం. శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ అక్కడ సీతకు ఎదురవుతారు. పురాణం శత్రువనీ పతిత అనీ పక్కన పెట్టిన ఆడవాళ్ళ దగ్గర ఆమె నేర్చుకుంటుంది. పేరు అదే, దానికి కట్టిన ఓర్పు మాత్రం వదులవుతుంది. అయితే ఆ విముక్తి ఎక్కువగా తనలోకి తాను చూసుకోవడంలోనే ఉంది. నేల ఎవరి పేరున ఉందన్న ప్రశ్న కథల బయటే మిగిలిపోయింది.

ఆ ప్రశ్న నాకు బజారులో ఎదురైంది. నా పేరుకు నాగటి చాలు అని అర్థం చెప్తే ఆమె నవ్వింది. "సాలా? సాల్ల ఇత్తులేసేది మేమే. పట్టా మా ఇంటాయన పేరు మీదుంది. అవ్వగారింటి భూమి అన్నదమ్ములు పంచుకున్నరు."

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు పుట్టుకతో హక్కు ఇస్తూ 1986లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. అప్పటికే పెళ్ళైన వాళ్ళకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం కూడా హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. అయినా అన్నదమ్ముల్ని వాటా అడిగితే పుట్టింటి గడప దూరమవుతుందని ఊరుకునే ఆడవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. నేనూ ఊరుకున్నాను. పేరుకు అర్థం వెతకడానికి ఇన్ని పుస్తకాలు తిరగేసిన నేను, మా నాన్న పొలం కాగితాలు ఒక్కసారీ చూడలేదు.