హిడింబ ఇంట అభిమన్యుడు

ఒక కథలోని బాలుణ్ణి వేరొక కథలోని పెద్దల చేతిలో పెట్టి, అతడు ఎలా పెరుగుతాడో ఊహించి రాసే రచనను ఇంగ్లీషులో ఫ్యాన్ ఫిక్షన్ అంటున్నారు. రెండు కథాలోకాలు కలిస్తే అది క్రాసోవర్. పేర్లు కొత్తవే కాని, తెలుగువారు ఈ పని చాలాకాలంగా చేస్తున్నారు. వ్యాసభారతంలో లేని శశిరేఖను బలరాముడి కూతురిగా కల్పించి, ద్వారకలో పెరిగిన అభిమన్యుణ్ణి అడవిలోని ఘటోత్కచుడి నీడకు చేర్చిన కథను సురభి నాటకాల వారు ఆడారు. 1957లో విజయా వారు మాయాబజార్‌గా తీశారు.

సంరక్షకుల మార్పు భారతంలోనే ఉంది. పాండవులు అడవికి వెళ్ళినపుడు కృష్ణుడు సుభద్రను, అభిమన్యుణ్ణి ద్వారకకు తీసుకుపోతాడు. తండ్రి అరణ్యంలో ఉండగా పిల్లవాడు మేనమామ ఇంట పెరుగుతాడు. ప్రద్యుమ్నుడు అతడికి అస్త్రవిద్య నేర్పుతాడు. ఈ పెంపకంలో లోటు లేదని భారతం అంటుంది. మన కథకులకు అక్కడే అనుమానం వచ్చింది. అల్లుడి సిరి పోయాక పుట్టింట ఆడపడుచుకు అదే మర్యాద దక్కుతుందా? మాయాబజార్‌లో అసలైన గాయం ఇదే. పాండవులను ఒక్కసారైనా తెరమీద చూపకపోవడం కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావుల గొప్ప తెలివి. తండ్రి లేని వెలితి ప్రేక్షకుడికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

అయితే ఆ సినిమాలో ఒక లోపం ఉంది. ఘటోత్కచుడి ఆశ్రమానికి చేరిన అభిమన్యుడు అక్కడ ఏమీ నేర్చుకోడు. మాయలన్నీ అన్నగారివే, తమ్ముడికి మిగిలింది పెళ్ళిపీట. (ఎస్.వి. రంగారావు ఎదుట మరొకరికి చోటు దొరకడం కష్టమే అనుకోండి.) సంరక్షకులు మారినా నాయకుడు మారకపోతే, మారింది అతడి చిరునామా మాత్రమే.

అందుకే ఇంకొక కథను ఊహించవచ్చు. వనవాసం మొదలైన రోజే సుభద్ర పుట్టింటికి కాక హిడింబ దగ్గరకు వెళ్ళిందనుకుందాం. కొడుకు పుట్టేవరకే భీముడు తోడుంటాడన్న ఒప్పందంతో కాపురం చేసి, ఆ తరువాత బిడ్డను ఒంటరిగా పెంచిన స్త్రీ హిడింబ. తండ్రి దగ్గర లేని పిల్లవాడిని ఎలా పెంచాలో కురుపాండవుల ఇళ్ళలో ఆమె కంటే తెలిసినవారు కుంతి తప్ప ఎవరున్నారు? ఆమె చేతిలో పెరిగిన అభిమన్యుడికి వ్యూహంలోకి చొరబడటంతో పాటు కనుమరుగై బయటపడటం కూడా వచ్చేదేమో. భారతంలో తండ్రి అతడికి నేర్పింది సగం విద్య. వెనకే వస్తామని మాటిచ్చిన పెదతండ్రులను, పినతండ్రులను సైంధవుడు అడ్డగించాడు.

ఈ ఊహ ఎమిరేట్స్‌లోని తెలుగువారికి వట్టి వినోదం కాదు. అక్కడికి కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే నెలకు 4000 దిర్హాములు, లేదా 3000 దిర్హాములతో పాటు వసతి ఉండాలన్నది 2019లో వచ్చిన నిబంధన. అంత జీతం లేని జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ కూలీలు దుబాయి సోనాపూర్ క్యాంపుల్లో ఉంటారు. పిల్లలు ఊళ్ళో తాతల దగ్గరో, మేనమామల దగ్గరో పెరుగుతారు. పాండవుల గడువు పదమూడేళ్ళని ముందే తెలుసు. వీరి గడువు అప్పు తీరేదాకా, ఆపైన ఇల్లు కట్టేదాకా, ఆపైన కూతురి పెళ్ళిదాకా సాగుతుంది.

కనుక గల్ఫ్ నుంచి ఎవరైనా ఈ కథ రాస్తే, యుద్ధం కంటే ముందు తేల్చుకోవలసిన ఘట్టం ఒకటుంది. అజ్ఞాతవాసం ముగిశాక విరాటుడు ఉత్తరను ఇస్తానంటే, అర్జునుడు ఆమెను కోడలిగా ఒప్పుకుని, అప్పుడు కొడుకును పిలిపిస్తాడు. అన్నేళ్ళ తరువాతి కలయికను భారతం పెళ్ళి సందడిలో దాటేస్తుంది. ద్వారకలో పెరిగిన అభిమన్యుడు తలవంచి పీటలమీద కూర్చున్నాడు. హిడింబ ఇంటి నుంచి వచ్చినవాడు, ఆ ముఖాన్ని పోల్చుకోవడానికే ఒక క్షణం ఆగి, తరువాత ఏమని పిలుస్తాడు?