వంశచరిత్రలలో సపత్నీశబ్ద విచారము

తమ తమ వంశచరిత్రలను వ్రాసికొను ప్రయత్నము మనవారిలో నానాటికి హెచ్చుచున్నది. ఇది సంతోషింపదగినదే. కాని యీ రచనలలో నొక దోషము తరచుగ కానవచ్చుచున్నది. మూలపురుషుని పేరి ప్రక్కను ఇద్దరు భార్యల పేరులు కనబడినంతనే, అతడు ఏకకాలమున ద్విభార్యుడనియు, మొదటి యామెను విడనాడెననియు, అందులకు ఆమె లోపమే కారణమనియు గ్రంథకర్తలు నిశ్చయించుచున్నారు. ఇవి మూడు వేర్వేరు నిర్ణయములు. మూడింటికిని వేర్వేరు ప్రమాణములు కావలయును. తన పక్షము చెప్పుకొనజాలని మృతురాలిమీద నింద మోపునపుడు ప్రమాణాపేక్ష మరింత యధికము.

మొదట శబ్దమును విచారింతము. సవతి యను తెలుగు మాట సపత్నీ శబ్దభవము. సమానుడు, అనగా ఒక్కడే, పతిగా గలది సపత్ని. అష్టాధ్యాయి 4-1-35 సూత్రము దీనిని సాధించుచున్నది. ఈ వ్యుత్పత్తియందు పతి యొక్కడే యనుట కలదు గాని, కాల మొక్కటే యనుట లేదు. తల్లి గతించిన పిదప ఇంట కాలుపెట్టిన యామెయు బిడ్డలకు సవతితల్లియే గదా. తర్పణమునందు సాపత్నమాతను పేరు చెప్పి తలచుకొను కుటుంబములు కలవు. ఆ పేరుల పట్టిక యొక పురుషునకు ఇద్దరు భార్యలని మాత్రమే తెలుపును. 'భార్యలు' అను బహువచనమును అట్టిదే. వచనము సంఖ్యను చెప్పును గాని కాలమును చెప్పదు.

కాలమును చెప్పు శబ్దము వేరుగ నున్నది. అది అధివిన్న. లాభార్థకమైన విద్ ధాతువునకు అధి యను నుపసర్గయు, క్త ప్రత్యయమును చేరగా నేర్పడినది. ఒకతె యుండగనే ఆమెపై మరియొకతె తేబడినదని దీని భావము. అమరసింహుడు దీనిని అధ్యూఢా శబ్దముతో కూడ పర్యాయముగ పఠించినాడు. కావున సమకాలికత్వము అధివిన్నా శబ్దార్థమునందున్నది, సపత్నీ శబ్దార్థమునందు లేదు. ఈ భేదమును విస్మరించుటయే పైదోషమునకు మూలము.

అధివేదనమునకు ధర్మశాస్త్రమున ధనసంబంధమును కలదు. యాజ్ఞవల్క్యుడు ఆధివేదనికమును స్త్రీధనభేదములలో చేర్చినాడు. స్త్రీధన మీయబడని మొదటి భార్యకు క్రొత్త వివాహ వ్యయమునకు సమానముగను, ఈయబడినచో సగమును ఇయ్యవలయునని విధించినాడు. కనుక పరిశోధకుడు పేరులతో తృప్తినొందక పత్రములను వెదుకవలయును. రెండవ వివాహకాలమున మొదటి యామెకు వ్రాసియిచ్చిన భూమి, ఆమె పేరిటి మనోవర్తి దస్తావేజు, ఆమెయు సంతకముగాని నిశానిగాని చేసిన దత్తత పత్రము, ఇట్టివి యామె యప్పటికి జీవించియుండెనని నిరూపింపగలవు. రాజవంశములయందు ఈ పని శాసనములు చేయును. శ్రీకృష్ణదేవరాయల 1513 నాటి తిరుమల యాత్రలో తిరుమలదేవియు, చిన్నాదేవియు ఇరువురును దానములు చేసినట్లు అచటి శాసనములు తెలుపుచున్నవి. ఆ రాణులు సమకాలికులని చెప్పుటకు అట్టిది ప్రమాణము. వంశవృక్షమున ప్రక్కప్రక్కన వ్రాసిన రెండు పేరులు ప్రమాణము కావు.

ఇక లోపారోపణము. మనువు అధివేదనమునకు కారణములు చెప్పుచు, సంతానహీనను ఎనిమిదవ యేటను, బిడ్డలు దక్కనిదానిని పదియవ యేటను, ఆడుబిడ్డలనే కన్నదానిని పదునొకండవ యేటను, అప్రియవాదినిని వెంటనే అధివేదింపవచ్చునన్నాడు. ఇది విధిగ్రంథము, చరిత్ర గాదు. శాస్త్రమున కారణముల పట్టిక యున్నదని ఫలానా యిల్లాలియం దందొకటి యుండెననుట, దండనీతియందు చౌర్యమునకు శిక్ష యున్నదని పొరుగువానిని దొంగ యనుట వంటిది. పుత్రవతులను మాత్రమే యెక్కించిన వంశవృక్షములలో ఇట్టి యిల్లాలి పేరే లోపించుట కలదు. లోపము వ్రాతది గాని యామెది కాదు.

విడనాడుటను గూర్చియు ఇట్లే. కౌటిల్యుడు ధర్మ్యములైన నాలుగు వివాహములయందు మోక్షము లేదనియు, తక్కిన వానియందు పరస్పరద్వేషమున మోక్షము కలదనియు చెప్పెను. లోకమున పలు కులములందు పెద్దల యెదుట విడాకులిచ్చుటయు, ఓలి సొమ్మో పెండ్లి వెచ్చమో తిరిగి చెల్లించుటయు ఆచారముగ నుండెను. విడు, ఆకు అను పదములు కలిసి విడాకు అయినది. పిదప జరుగు స్త్రీ వివాహము మారుమనువు. సపత్నీ శబ్దము కాలమును చెప్పనట్లే, మారుమనువు అను మాటయు ఆమె వితంతువో, విడాకులు పొందినదో చెప్పదు. ఓలి తిరిగి చెల్లించిన లెక్కయో, పెద్దల తీర్పో దొరకినపుడే విడాకులని వ్రాయనగును.

నేరమను మాట మరియు జాగ్రత్తగ వాడదగినది. చెన్నరాజధానిలోని హిందువులకు బహుభార్యాత్వమును నిషేధించి విడాకుల నంగీకరించిన శాసనము 1949లో వచ్చినది. 1955 నాటి హిందూ వివాహ చట్టము దేశమున విస్తృతముగ వర్తించినది. అదియు ఆచారసిద్ధమైన విడాకులను త్రోసివేయలేదు. అంతకు పూర్వము చెన్నరాజధానిలో ఇద్దరిని పెండ్లాడిన హిందువును నేరస్థుడనుట కాలవిరుద్ధము. క్రైస్తవ కుటుంబముల సంగతి వేరు. వారికి 1860 నాటి శిక్షాస్మృతి యడ్డుండెను. మతము మారిన వానితో కాపురమునకు భార్య నిరాకరించినచో వివాహము రద్దు చేయించుకొనుటకు 1866 నాటి చట్టము వీలు కల్పించినది. అట్టి వంశములలో దేవాలయపు వివాహ పుస్తకమును, న్యాయస్థానపు తీర్పును వెదుకవలయును.

కావున వంశచరిత్రకారుడు మూడు ప్రశ్నలు వరుసగ వేసికొనవలయును. రెండవ వివాహము నాటికి మొదటి యామె జీవించి యుండెనా? ఉన్నచో బంధము తెగెనా, నిలిచెనా? నాటి శాసనమో, ఆచారమో దానినేమని పిలిచెను? ప్రమాణము దొరకిన ప్రశ్నకు మాత్రమే సమాధానము వ్రాసి, దొరకని చోట 'తెలియదు' అని వ్రాయుట పరిశోధకునకు తక్కువ కాదు. వంశమునకు గౌరవము కూర్చవలెనని మొదటి యామెను దాచుటయు, కథకు రుచి కూర్చవలెనని ఆమెను దూషించుటయు సమానదోషములు. రెండింటను లోపించునది సత్యమే.