తుపాకి పట్టిన దేవదూతలు

బొలీవియాలో లపాజ్ నగరానికి దక్షిణాన, ఆండీస్ పీఠభూమి మీద కలమార్కా అనే చిన్న ఊరుంది. అక్కడి చర్చిలో 17వ శతాబ్దం చివర్లో గీసిన దేవదూతల చిత్రాలున్నాయి. అందరికీ రెక్కలున్నాయి. కొందరి చేతుల్లో పొడుగాటి తుపాకులు కూడా ఉన్నాయి. ఈకల టోపీలు, లేసు చేతులు, జరీ కోట్లు చూస్తే రాజుగారి కొలువు నుంచి దిగివచ్చిన యువకుల్లా ఉంటారు. గీసిన చేయి ఎవరిదో కచ్చితంగా తెలియక, పండితులు ఆయన్ని 'కలమార్కా మాస్టర్' అంటారు.

ఈ తరహా చిత్రాలకు పేరుమోసిన కేంద్రం పెరూలోని కుస్కో. 1575లో లిమా చేరిన ఇటలీ చిత్రకారుడు, జెసూట్ అనే కాథలిక్ సంఘ సభ్యుడు బెర్నార్డో బిట్టి ఈ ప్రాంతానికి యూరప్ చిత్రకళను పరిచయం చేసినవాళ్లలో ముఖ్యుడు. 1650 భూకంపంలో కుస్కో కూలిపోయాక చాలా చర్చిలు మళ్లీ కట్టాల్సి వచ్చింది, వాటి గోడలకు చిత్రాలూ కావాల్సి వచ్చాయి. 1673లో వచ్చిన బిషప్ మొల్యినెదో ఈ కళను బాగా పోషించాడు. దియేగో కిస్పే తితో వంటి స్థానిక చిత్రకారులు అప్పటికే పేరు తెచ్చుకున్నారు. స్పానిష్ చిత్రకారులతో తగవులు ముదిరి, 1688లో స్థానికులు ఉమ్మడి సంఘం నుంచి విడిపోయారు. సొంత శైలికి అప్పుడు దారి మరింత తెరుచుకుంది.

వాళ్ల ముందున్న నమూనాలు యూరప్ నుంచి ఓడల్లో వచ్చిన అచ్చు బొమ్మలు. తుపాకి పట్టే భంగిమలకు మూలం 1607లో యాకబ్ డె గెయిన్ బొమ్మలతో వెలువడిన సైనిక శిక్షణ పుస్తకమని పండితులు గుర్తించారు. మందు కూరడం, గురిపెట్టడం, భుజాన వేసుకోవడం, ఇలా 117 బొమ్మలున్నాయందులో. కాథలిక్ స్పెయిన్‌తో పోరాడుతున్న డచ్ సైన్యపు కవాతు, స్పెయిన్ వలసలో కాథలిక్ దేవదూతల నడకైంది! గడ్డాల సిపాయిలు పోయి నున్నని ముఖాల కుర్రవాళ్లు వచ్చారు. బిగుసుకున్న కాళ్లు నాట్యానికి సిద్ధమైనట్టు తేలికపడ్డాయి.

అచ్చు బొమ్మ ఇచ్చేది గీత మాత్రమే. రంగు చిత్రకారుడిదే. కాన్వాసుకు జిగురు, సుద్ద పూత వేసి నూనె రంగులతో బొమ్మ గీసేవారు. కోషినీల్ పురుగు నుంచి తీసిన ఎరుపు ఈ నేలదే. ముఖం, మడతలు, నీడలు పూర్తయ్యాక బంగారం పని మొదలయ్యేది. జిగురు మీద బంగారు రేకు అతికి, స్టెన్సిల్‌తోనో చేత్తోనో పూలు, లతలు తీర్చేవారు. బట్ట ఎటు మడత పడినా బంగారు పువ్వు మాత్రం మడత పడదు. పెట్టెలో పరిచిన పట్టుచీర అంచులా సాఫీగానే ఉంటుంది. యూరప్ లెక్కన ఇది తప్పు. కానీ చీకటి చర్చిలో కొవ్వొత్తి వెలుగు పడినప్పుడు మెరిసేది ఆ బంగారమే. కావాలనే ఎంచుకున్న పద్ధతి ఇది.

తుపాకి ఎందుకన్నదానికి పండితులు చెప్పే కారణాల్లో బలమైనది ఇల్యాపా. స్పెయిన్ కంటే ముందు ఆండీస్‌ను ఏలిన 'ఇంకా'ల దేవుడైన ఇతను ఉరుముకూ మెరుపుకూ అధిపతి; మెరిసే బట్టలు కట్టి, ఒడిసెల తిప్పి పిడుగులు రప్పిస్తాడు. తుపాకి మోతలో ఆండీస్ జనానికి ఆ ఉరుమే వినిపించింది. ఈకలు 'ఇంకా' ప్రభువుల అలంకారం కూడా. ఇక ఈ దేవదూతల పేర్లు ఆసియేల్, లెటియేల్, హాద్రియేల్. బైబిల్లో పేరున్న మైకేల్, గాబ్రియేల్, రఫాయేల్‌లకు మించి అదనపు దూతల పేర్లను రోమ్‌లో 745లో జరిగిన చర్చి సభ నిరాకరించింది. అక్కడ తోసిపుచ్చినవాళ్లకు ఇక్కడ పల్లె చర్చిల్లో గౌరవ స్థానం దక్కింది.

ఈ కళను చాలాకాలం యూరప్ కళకు నాసిరకం నకలుగా చూశారు. అది అన్యాయం. ఏది అలాగే ఉంచాలో, ఏది మార్చాలో, బంగారం ఎక్కడ పడాలో నిర్ణయించినవాళ్లు ఈ చిత్రకారులే. దేశం పరాయి పాలనలో ఉన్నా, తాము కొలిచే ఆకాశాన్ని ఎలా ఊహించుకోవాలో వాళ్లు ఇతరులకు వదిలిపెట్టలేదు. వాళ్లలో చాలామంది సంతకం చేయలేదు. పేరు లేదని పనితనాన్ని తక్కువ చేయకుండా, యూరప్ గొప్ప చిత్రాలను చూసినంత శ్రద్ధగా వీటినీ చూడాలి.